మా ఓడ ప్రయాణం - మొదటి రోజు

క్రూజ్ విషయంలో మనవాళ్ళు రెండు రకాలు. "ఏముందండీ అందులో, తినడం, పడుకోవడం తప్ప" అనేవాళ్ళు ఒక రకం. ఒకసారి వెళ్ళొచ్చి ఆర్నెల్లపాటు ఏ పార్టీకి పిలిచినా ఆ ఫోటోలే చూపించేవాళ్ళు రెండో రకం. నేను మొన్న మొన్నటిదాకా మొదటి రకం. 2024 డిసెంబరులో మా ఆవిడ పట్టుదల వల్ల రెండో రకంలో చేరాను. అయితే భయపడకండి, ఏడు రోజుల ప్రయాణం గురించీ చెప్పి విసిగించను. కొజుమెల్, రొవాటన్ లాంటివి మీలో చాలామంది నాకంటే ముందే చూసుంటారు. నేను చెప్పదలచుకున్నది మొదటి రోజు సంగతి మాత్రమే.

మా పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భం. పిల్లలిద్దరికీ సెలవులు. "మావయ్యగారు ఎక్కువ నడవలేరు. ఓడయితే ఆయన కుర్చీలో కూర్చునుంటే ఊళ్ళే ఆయన దగ్గరికొస్తాయి" అంది మా ఆవిడ. లెక్క బాగానే ఉంది. చిక్కల్లా ఆ మావయ్యగారితోనే.

మా నాన్నకి ఎనభై నాలుగేళ్ళు. తాళ్ళరేవు దగ్గర మా ఊరు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఏటా కొన్ని నెలలు ఇక్కడ, డాలస్ పక్కన ప్లేనోలో, మా దగ్గరుంటున్నారు. విమానమంటే ఆయనకి లెక్కేలేదు. కిటికీ పక్క సీటిస్తే హైదరాబాదు నుంచి ఇక్కడిదాకా భాగవతం చదువుకుంటూ వచ్చేస్తారు. నీళ్ళ మీద ప్రయాణం మాత్రం పడదు. యానాం - ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది గానీ, మా చిన్నప్పుడు అమలాపురంలో మేనత్త ఇంటికి వెళ్ళాలంటే అందరూ యానాం దగ్గర పంటు ఎక్కి గోదావరి దాటేవారు. మా నాన్న మాత్రం రావులపాలెం మీదుగా చుట్టూ తిప్పి బస్సులో తీసుకెళ్ళేవారు. పంటు ఎక్కుదామని మేం ఎంత ఏడ్చినా వినేవారు కాదు.

ఎందుకో మాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మా తాతయ్య, అంటే నాన్నకి నాన్న, రంగంలో బియ్యం మిల్లులో గుమాస్తా. రంగం అంటే రంగూన్. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు, అమెరికా మాట పుట్టకముందు మన కోస్తా వాళ్ళకి పరదేశమంటే రంగమే. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి వేలమంది వెళ్ళేవారు. మా పక్కూరు కోరంగి పేరు మీద అక్కడ మన తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనే పిలిచేవారట. తాతయ్య చివరిసారి వెళ్ళింది 1941లో. నాన్నకి అప్పుడు ఏడాది. ఆ డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. మార్చికల్లా ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఓడలో చోటు దొరకని మనవాళ్ళు లక్షలమంది కొండల్లో, అడవుల్లో పడి నడిచారు. అలా నడిచి ఇల్లు చేరిన ఒకాయన తాతయ్యని ప్రోమ్ ఊళ్ళో చూశానని చెప్పాడట. అంతే. మామ్మ పన్నెండేళ్ళు ఎదురు చూసింది. పోయిన తిథి తెలియదు కనక ఇప్పటికీ నాన్న మహాలయ అమావాస్య నాడే ఆయనకి తద్దినం పెడతారు. మా ఇంట్లో ఓడ అనే మాటే ఎవరూ ఎత్తేవారు కాదు.

అందుకని "మీరు వెళ్ళిరండిరా, నేను ఇంట్లో ఉంటాను" అన్నారంటే ఆశ్చర్యపోలేదు. నెల రోజులు అదే మాట. ఒకరోజు సాయంత్రం మా అమ్మాయి ఐప్యాడ్‌లో ఓడ బొమ్మలు చూపిస్తుంటే ఆయనే అడిగారు, "ఇది ఒడ్డుకి ఆనుకునే ఉంటుందా? పడవల్లో వెళ్ళి ఎక్కాలా?" అని. ఆనుకునే ఉంటుంది, వంతెనలాంటి దాని మీంచి నడిచి వెళ్ళిపోవడమే అని చెప్పింది. కాసేపు ఆలోచించి, "పైన నుంచుంటే ఒడ్డు కనిపిస్తుందా?" అన్నారు. కనిపిస్తుంది తాతా అంది. "సరే, నాక్కూడా టికెట్ కొనండి" అన్నారు. మా ఆవిడ ఆ రాత్రే కొనేసింది, మళ్ళీ మనసు మారుతుందేమోనని.

ఇక్కడ ఒక పనికొచ్చే మాట. అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద తీసుకెళ్ళేవాళ్ళు ఆ వీసా మళ్ళీ లోపలికి రావడానికి చెల్లుతుందో లేదో ముందు చూసుకోండి. ఓడ మెక్సికోలో ఆగిందంటే దేశం దాటినట్టే. అసలు అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగే ఈ ఓడలన్నీ మధ్యలో ఏదో పరాయి రేవులో ఎందుకాగుతాయో మావాడు చెప్పేదాకా నాకు తెలియదు. వీటిలో చాలావరకు బహమాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరిగేవి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుందట.

నాన్న వీసా పాత పాస్‌పోర్టులో ఉంది. అది గడువు తీరిపోయి కొత్తది వచ్చింది. మన పెద్దవాళ్ళందరి లాగే రెండూ కలిపి రబ్బరుబ్యాండు వేసి ఉంచుతాం. ముందు రోజు రాత్రి అన్నీ స్కాన్ చేసి, ఫైల్లో పెట్టి, లిస్టులో టిక్కులు కొట్టి పడుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. గాల్వెస్టన్ మాకు దగ్గర దగ్గర మూడు వందల మైళ్ళు. ఐ-45 ఎక్కితే ఆ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అదే గాల్వెస్టన్. మాడిసన్‌విల్ బకీస్‌లో కాఫీ, కారులో పులిహోర. ఇంటి వంట ఓడలోకి రానివ్వరని ముందే చదివాను గనక మిగిలిన పులిహోరని పార్కింగ్ లాట్‌లో నుంచుని పూర్తి చేశాం. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో సీలు వేసిన కారప్పొడి ప్యాకెట్టు ఒకటుందన్న సంగతి నాకు రెండో రోజు గానీ తెలియలేదు. తెలిశాక నేనే ఎక్కువ తిన్నాను.

హ్యూస్టన్ దాటి కాజ్‌వే వంతెన ఎక్కగానే రెండు పక్కలా నీళ్ళు. అద్దంలో నాన్నని చూశాను. కళ్ళు మూసుకోలేదు. దూరంగా తెల్లగా, ఊరి మధ్యలో ఎవరో అపార్టుమెంట్లు కట్టినట్టు ఓడ కనిపించింది. "అదా?" అన్నారు.

పెద్ద పెట్టెలు బయటే పోర్టర్లకి ఇచ్చేశాం. అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది, మందులు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోవాలి. సెక్యూరిటీ దాటి కౌంటర్ దగ్గరికి వెళ్ళాం. అక్కడి అమ్మాయి మా నాలుగు పాస్‌పోర్టులూ చకచకా చూసేసి, నాన్నది తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "వీసా ఏది?" అంది. పాత పాస్‌పోర్టులో ఉందని చెప్పి ఫైలు తెరిచాను. లేదు. ఇంకోసారి చూశాను. లేదు. ఆ క్షణాన నా కళ్ళ ముందు ప్లేనోలో మా ఇంట్లో స్కానర్ కనిపించింది. దాని మూత కింద అద్దం మీద బోర్లా పెట్టిన నీలం పుస్తకం కూడా కనిపించింది. తీసినట్టు గుర్తులేదు. వెనక్కి వెళ్ళి రావాలంటే పది గంటలు. ఓడ కదలడానికి నాలుగు గంటలు. మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి రాయను, పాతికేళ్ళు కాపురం చేసిన మగవాళ్ళకి చెప్పక్కర్లేదు. "నేనూ నాన్నా ఉండిపోతాం, మీరు ముగ్గురూ వెళ్ళండి" అని నేను అనబోతుండగా నాన్న భుజానికున్న గుడ్డసంచి దింపి, భాగవతం తీసి, అందులోంచి పాత పాస్‌పోర్టు తీసి కౌంటర్ మీద పెట్టారు.

"రాత్రి మంచినీళ్ళకి లేచాను. నీ మిషన్లో ఉండిపోయింది. తీసి పెట్టాను" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వి కార్డులిచ్చింది. నేను మాత్రం గ్యాంగ్‌వే మీద చక్రాల కుర్చీ తోస్తూ ఒకటే ఆలోచిస్తున్నాను. ఓడ ఎక్కకుండా ఉండాలంటే ఆయన చేయాల్సిన పనేమీ లేదు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ పడుకుంటే చాలు.

లోపలికి వెళ్ళగానే పిల్లలు మాయమయ్యారు. మేం ముగ్గురం భోజనాలకి పోయాం. మొదటి మధ్యాహ్నం బఫే అంటే మనవాళ్ళ పెళ్ళిలో రెండో పంక్తి లాంటిది. ప్లేట్లు పట్టుకుని అందరూ అన్ని వైపులకీ నడుస్తుంటారు. పప్పు, అన్నం, పెరుగు కనిపించాయి. నాన్నకి అంతకన్నా అక్కర్లేదు.

గది తలుపు దగ్గర యూనిఫారంలో ఒక అబ్బాయి నుంచుని ఉన్నాడు. మా గదులు చూసుకునేది తనే. బ్యాడ్జి మీద పేరు, దాని కింద ఇండియా. నాన్న నాతో, "ఒరేయ్, ఆ గడప ఎత్తుగా ఉంది చూసుకో" అన్నారో లేదో, ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది.

"తెలుగోలాండీ? మాది సోంపేట పక్కనండి. ఏటి కావాలన్నా నన్నే అడగండి తాతగారూ" అన్నాడు. శ్రీకాకుళం తీరం నుంచి ఓడల్లో పనికి వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారని వినడమే గాని, ఒకణ్ణి చూడడం అదే.

ఓడ కదిలేముందు ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్ ఒకటుంటుంది. ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా 2012 జనవరిలో ఒరిగిపోయి ముప్ఫై ఇద్దరు పోయాక దీని రూలు గట్టిపరిచారు. ఇదివరకు ఇరవై నాలుగు గంటల్లోపు ఎప్పుడైనా చేసేవారు, ఇప్పుడు బయల్దేరేముందో, బయల్దేరీ బయల్దేరగానో అయిపోవాలి. మా ఓడలో టీవీలో వీడియో చూసి, మనకి కేటాయించిన చోటికి వెళ్ళి కార్డు చూపించి రావడమే. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి రావాలి. మా పిల్లలు అర నిమిషంలో ముగించారు. నాన్న వీడియో రెండుసార్లు చూశారు. తర్వాత డెక్ మీదికి తీసుకెళ్ళమని, పైన వేలాడుతున్న పడవల్ని వేలితో లెక్కపెట్టారు. ఈ పక్క పది, ఆ పక్క పది. ఒక్కోదాని మీద 150 మంది అని రాసుంది.

"మూడు వేలు. ఓడలో పనివాళ్ళతో కలిపి నాలుగు వేలన్నాడు టీవీలో. మిగతా వెయ్యిమందీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అటుగా వెళ్తున్న మన సోంపేట అబ్బాయే చెప్పాడు. పక్కన వరసగా పేర్చిన తెల్లటి పీపాల్లాంటివి చూపించి, వాటిలో మడిచిన తెప్పలుంటాయనీ, నీళ్ళలో పడేస్తే గాలి నిండి విచ్చుకుంటాయనీ, అందరికీ సరిపోగా ఇంకా మిగులుతాయనీ. నాన్న ఆ పీపాలు కూడా లెక్కపెట్టి, తృప్తిపడి, అప్పుడు కుర్చీలో వెనక్కి వాలారు.

నాలుగింటికి ఓడ కదిలింది. అసలు కదిలినట్టే తెలియదు. పక్కనున్న గోడౌను మెల్లిగా వెనక్కి పోతుంటే మనమే పోతున్నామని అర్థమవుతుంది. ఊరివైపు రెయిలింగు దగ్గర కుర్చీ వేసుకున్నాం. కింద రేవులో ఎలిస్సా అనే తెరచాప ఓడ కనిపించింది. 1877లో స్కాట్లాండ్‌లో కట్టింది, ఇప్పటికీ బాగుచేసి ఉంచారు. 1907 నుంచి 1914 దాకా ఈ రేవులో సుమారు పది వేలమంది యూదులు యూరప్ నుంచి వచ్చి దిగారట. మావాడు ఫోన్లో చూసి ఇవన్నీ చదువుతున్నాడు. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుఫానులో ఈ ఊళ్ళో ఆరు వేలమందికి తక్కువ కాకుండా పోయారని, అమెరికాలో ప్రకృతి వైపరీత్యం వల్ల ఒక్కసారిగా అంతమంది పోయింది అదే అని చదివాడు. తర్వాత సముద్రానికి అడ్డంగా గోడ కట్టి, రెండు వేలకు పైగా ఇళ్ళనీ కట్టడాలనీ జాకీల మీద పైకెత్తి, కింద ఇసక నింపి, మొత్తం ఊరి మట్టమే పెంచారట.

"ఊరిని ఎత్తారా!" అన్నారు నాన్న. ఇంకో నిమిషం ఊరివైపే చూసి, "1839లో ఉప్పెన వచ్చి మన కోరంగి రేవు కూడా ఇలాగే పోయిందిరా. ఎత్తినవాళ్ళెవరూ లేరు. రేవు పోయింది, పేరు మిగిలింది" అన్నారు.

బొలివర్ వెళ్ళే ఫెర్రీ మాకు ఎదురొచ్చింది. కార్లు ఎక్కించుకుని ద్వీపానికీ అవతలి ఒడ్డుకీ తిరుగుతుంది, టికెట్ లేదు. దాని ముందు డాల్ఫిన్లు రెండు లేచి పడ్డాయి. మా అమ్మాయి అరిచిన అరుపుకి పై డెక్కు వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఫెర్రీ మీద జనం చేతులూపుతున్నారు. మేమూ ఊపాం. నాన్న ఊపలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూస్తున్నారు.

"నీకు వాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయా?" అన్నారు నాతో.

"లేదు నాన్నా, దూరం కదా."

"మనుషులని తెలుస్తోందిగా."

"ఆ, అది తెలుస్తోంది. అదుగో, ఎర్ర చొక్కా ఆయన పిల్లాణ్ణి భుజాన ఎత్తుకున్నాడు."

"ఆ. పిల్లాడు తెలుస్తున్నాడు" అన్నారు.

అప్పుడు చెప్పారు. మేం ముక్కలుగా విన్న కథలో మాకెవరికీ తెలియని ముక్క అది. కాకినాడలో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు. లోతు చాలక మైళ్ళ దూరంలో లంగరు వేసి నుంచునేది. జనాన్ని నావల్లో తీసుకెళ్ళి ఎక్కించేవారు. తాతయ్య నావ ఎక్కాక మామ్మ ఏడాది పిల్లాడైన నాన్నని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుందట. నావ చుక్కంత అయ్యేదాకా, చేతులు లాగేసినా దించలేదట. "నిన్ను చూస్తూ వెళ్ళార్రా ఆయన" అని నాన్నకి బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి చెప్పేదట. పోయేముందు కూడా ఆ మాటే చెప్పిందట.

"నేను ఆయన్ని చూశాను గాని నాకు గుర్తుండదు కదా. ఆయన నన్ను చూశారో లేదో మా అమ్మకి మాత్రం ఎలా తెలుస్తుంది? దూరం నించి పిల్లాడు తెలుస్తాడా తెలియడా అని నాకెప్పుడూ ఒక అనుమానం. ఒడ్డు మీంచి చూస్తే తేలేది కాదది. ఓడ మీంచి చూడాలి" అన్నారు, లెక్క చెప్పినట్టుగా.

నేనేమీ అనలేదు. మా ఆవిడ శాలువా తెచ్చి ఆయన చుట్టూ కప్పింది. ఫెర్రీ అప్పటికే మా వెనక్కి పోయింది. కాస్సేపటికి నాన్న అటే తిరిగి చెయ్యెత్తి ఊపారు. అవతల ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

రేవు నోట్లోంచి సముద్రంలోకి రెండు రాళ్ళ గోడలు మైళ్ళ పొడుగున వెళ్తాయి. వాటి మీద కొంగలు, పెలికన్లు. అవి దాటేసరికి పొద్దు గుంకింది. హ్యూస్టన్ వెళ్ళడానికి వంతు కోసం లంగరు వేసిన ఓడలు దీపాలు పెట్టుకుని నుంచున్నాయి. ఇంకా దూరంగా చమురు బావుల దీపాలు. ఓడని రేవు దాటించిన పైలట్ పక్కకి వచ్చిన చిన్న బోటులోకి నిచ్చెన మీంచి దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నల్లటి నీళ్ళే. గాలి పెరిగి, నడిస్తే కాలు అనుకున్న చోట పడడం మానేసింది. మా ఆవిడకి తల తిరిగి మాత్ర వేసుకుని పడుకుంది. నాన్నకి ఏమీ కాలేదు. నాకు కూడా కొంచెం తిరిగింది గాని అది బయటపెట్టలేదు, ఇదే మొదటిసారి చెప్పడం.

రాత్రి తొమ్మిదింటికి గదిలోకి వచ్చేసరికి నాన్న మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు కూర్చుని ఉంది. నాన్న కళ్ళజోడు పెట్టె దాని తొండం కింద. ఆయన నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను. మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చిన అబ్బాయిని కూర్చోమన్నారు. డ్యూటీలో కూర్చోకూడదండీ అని తలుపు దగ్గరే నుంచున్నాడు.

"పెళ్ళయిందా?"

"అయిందండి. పాప కూడానండి. అయిదో నెల. నేనిక్కడికొచ్చాక పుట్టిందండి. ఇంకా సూడలేదు. ఫోన్లోనే." తీసి చూపించాడు. ఊయల్లో పాప, బుగ్గన దిష్టిచుక్క.

"రోజూ మాట్లాడతావా?"

"రేవులో ఆగితే మాటాడతానండి. సముద్రంలో నెట్‌కి డబ్బులవుతాయండి."

"మళ్ళీ ఇంటికెప్పుడు?"

"తొమ్మిది నెలల కాంట్రాక్టండి. పిబ్రవరి పందొమ్మిదిన దిగిపోతానండి. టికెట్ కూడా వచ్చేసిందండి."

నాన్న ఆ ఫోటో ఇంకోసారి చూసి, ఫోను రెండు చేతులతో తిరిగిచ్చారు. అబ్బాయి వెళ్ళాక బీపీ మాత్ర వేసుకుని, ఏనుగుని చెదరకుండా బల్ల మీదికి మార్చి పడుకున్నారు. నేను లైటు తీశాను. ఓడ కొంచెం కొంచెంగా ఊగుతోంది. నిద్రపోయారనుకున్నాను.

"ఏరా," అన్నారు చీకట్లో, "ఫిబ్రవరి పందొమ్మిదనే కదా అన్నాడు?"

"అవును నాన్నా, పందొమ్మిదే."

లైటు వేయమన్నారు. గుడ్డసంచిలోంచి డైరీ తీసి రాసుకున్నారు.